మోటారు సైకిలు ట్యాంకునకు గాలి దారి

మన ఉద్దానపు కొబ్బరికాయ నొకదానిని తీసికొని, పీచు ఒలిచి, దాని మూడు కన్నులలో మెత్తనైనదానిని మేకుతో పొడిచి తలక్రిందుగా పట్టుకొనుడు. నీరు ధారగా కారదు. రెండు మూడు చుక్కలు రాలి ఆగిపోవును. కుదిపినచో మరల నొక గుక్కెడు పడును. ఇప్పుడు కాయ వెనుక తట్టున నింకొక బెజ్జము వేయుడు. వెంటనే నీరు సన్నని ధారగా, ఎడతెగక కారును. వెనుకటి బెజ్జమును వ్రేలితో మూయుడు, ధార నిలిచిపోవును. వ్రేలు తీయుడు, మరల సాగును. కోమటి యంగడిలో నూనె డబ్బాకు ఒక మూలను మాత్రమే గాక, ఎదుటి మూలను గూడ చిన్న బెజ్జము పొడుచుట మీరందరు చూచియే యుందురు. ఆ రెండవ బెజ్జమునుండి నూనె రాదు. అయినను అది లేనిదే మొదటి బెజ్జమునుండి నూనె సరిగా రాదు. ఈ రెండవ బెజ్జమును గూర్చియే ఈ వ్యాసము.

మన పై తరగతుల బాలురకు మోటారు సైకిలుమీద గల మక్కువ నాకు తెలియనిది కాదు. పదునెనిమిది యేండ్లు నిండనిదే గేరుల బండి నడుపుటకు శాసనము ఒప్పదు గనుక, నడుపుట మాట అటుంచి, అది ఎట్లు నడచునో తెలిసికొనుటకు మాత్రము వయసుతో పనిలేదు. మీ యిండ్లలో తండ్రియో అన్నయో ఎక్కెడి బండి యొకటి తరచుగా నుండనే యున్నది. దాని పెట్రోలు ట్యాంకును ఒకమారు పరిశీలింపుడు. అది కూర్చుండు బల్లకు ముందు, ఇంజనుకు పైన నున్నది. దాని అడుగున పెట్రోలు కాకు. కాకునుండి రబ్బరు గొట్టము. గొట్టము చివర కార్బొరేటరు. పాత బండ్లలో ఈ త్రోవలో పంపు ఏదియు లేదు. పెట్రోలు తన బరువుచేతనే క్రిందికి దిగివచ్చును. కార్బొరేటరు గిన్నెలో తేలు తెప్ప యొకటి గలదు. దానిని ఫ్లోటు అందురు. గిన్నె నిండగానే ఆ తెప్ప పైకి లేచి సూదివంటి మూతతో త్రోవను మూయును. పెట్రోలు ఖర్చుకాగానే దిగి త్రోవను తెరచును. మన యిండ్లమీది నీళ్ల తొట్టిలోని బంతి కుళాయి చేయుపనియు నిదియే.

ఇంతవరకు అందరికి తెలిసినదే. ఇక ట్యాంకు మూతను చూడుడు. మూత బిగించి తాళము వేసితిమి. లోనుండి గంటకు ఒక లీటరు పెట్రోలు బయటికి పోవుచున్నది. ఆ పోయిన పెట్రోలు విడిచిన చోటును నింపునది ఏది? గాలియే నింపవలెను. ఆ గాలి ఎటునుండి రావలెను? అందులకై మూతలో సన్నని బెజ్జము, లేక వంకర త్రోవ యొకటి నిర్మాతలు ఏర్పరచి యుందురు. కొన్ని బండ్లలో ఆ త్రోవ చిన్న రబ్బరు గొట్టముగుండా ట్యాంకు క్రిందికి దిగి నేలవైపు తెరచికొనును. ఈ గాలి దారి మూసికొనిపోయినచో బండి నడుచుచు నడుచుచు దగ్గి, తడబడి, ఆగిపోవును. కొంతసేపు నిలిపినచో మరల ఏమియు ఎరుగనట్లు నడచును. మరల ఆగును. ఇంత చిన్న దోషము ఇంత పెద్ద చిక్కులు పెట్టుట యంత్రములలో అరుదు.

నేనే ఆ చిక్కులు పడినవాడను గనుక చెప్పుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట, మార్చి నెలలో, పబ్లికు పరీక్షల రోజులలో, నా బండి యిట్లే మొండికేయసాగెను. బయలుదేరిన ఏడెనిమిది కిలోమీటర్లకు ఇంజను బలము తగ్గును. ఎంత త్రిప్పినను వేగము రాదు. రెండు మూడు మారులు దగ్గి నిలిచిపోవును. చెట్టు నీడను పావుగంట నిలుచుంటిని గదా, మరల ఒక్క తన్నుకే అందుకొనును. మెకానిక్కు మొదట ప్లగ్గు మార్చెను. రెండవ మారు కార్బొరేటరు విప్పి కడిగెను. మూడవ మారు, "వేడికి కాయిలు పోవుచున్నది" అని కాయిలు మార్చెను. అన్నియు కలిసి రెండువేల నాలుగువందల రూపాయలు. బండి మాత్రము తన అలవాటు మానలేదు. నే నాతనిని నిందింపను. ఆతడు అనుకొన్నది అసంగతము కాదని ముందు చెప్పబోవుచున్నాను.

నాకు మరియొక అనుమానము గూడ పుట్టినది. నేను ట్యాంకు నిండుగా పోయించిన నాడే బండి మరింత త్వరగా, రెండు మైళ్లు పోకమునుపే ఆగుచుండెను. ట్యాంకులో పెట్రోలు సగమునకు తగ్గిన నాడు ఎక్కువ దూరము పోవుచుండెను. పోయించిన వెంటనే ఆగుచున్నది గనుక ఆ బంకు పెట్రోలులో కల్తీ యున్నదని నిశ్చయించుకొని, నలుగురితోను ఆ మాట అంటిని. అది నా తప్పు. ఇరువది యేండ్లుగా బల్లమీద పాదరసపు గొట్టము నిలిపి వాయుభారమును బోధించుచున్న నాకు, ఆ లక్షణమే రోగమును చెప్పుచున్నదని తట్టలేదు.

లెక్క చూడుడు. ట్యాంకులోని పెట్రోలు మట్టము కార్బొరేటరు గిన్నెకంటె 20 సెంటీమీటర్లు ఎత్తున నున్నదనుకొందము. పెట్రోలు నీటి బరువులో సుమారు ముప్పాతిక వంతు గనుక, ఈ 20 సెంటీమీటర్ల పెట్రోలు 15 సెంటీమీటర్ల నీటితో సమానము. పెట్రోలును క్రిందికి త్రోయు బలము ఇంతయే. 1643లో ఇటలీ దేశమునందు టారిసెల్లి చూపినట్లు మన చుట్టునున్న గాలి 76 సెంటీమీటర్ల పాదరసమును నిలుపును. నీటి లెక్కన అది 1,033 సెంటీమీటర్లు. 15ను 1,033తో పోల్చినచో సుమారు అరువది తొమ్మిదవ వంతు. అనగా, గాలి దారి మూసికొనినప్పుడు ట్యాంకులోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికంటె అరువది తొమ్మిదవ వంతు తగ్గినచో చాలును, పెట్రోలు దిగుట మానును. క్రిందనుండి గాలి దానిని పైకి ఎత్తిపట్టి యుంచును. గ్లాసు నిండ నీరు పోసి, అట్టముక్క మూసి, బోర్లించినప్పుడు నీరు పడకుండుట మీరు తరగతిలో చూచినారు, ఇదియు అదియే.

ఇక బాయిలు సూత్రము. ట్యాంకు దాదాపు నిండియున్నప్పుడు మూతక్రింద ఒక లీటరు చోటు మాత్రమే గాలికి గలదనుకొందము. ఆ ఒక లీటరు గాలి ఒత్తిడి అరువది తొమ్మిదవ వంతు తగ్గుటకు అది ఎంత వ్యాకోచింపవలెను? సుమారు 15 మిల్లీలీటర్లు. అనగా ఒక పెద్ద చెంచాడు పెట్రోలు ఖర్చుకాగానే ధార నిలువవలెను! లీటరుకు 50 కిలోమీటర్లు పోవు బండి 15 మిల్లీలీటర్లతో 750 మీటర్లు పోవును. అయితే ట్యాంకులో ఉత్త గాలియే లేదు. పెట్రోలు ఆవిరియు గలదు. మన యెండలలో ఆ ఆవిరి ఒత్తిడి తక్కువది కాదు; ట్యాంకులోని ఒత్తిడిలో సగము వరకు అదియే భరించును. చోటు పెరిగినకొలది క్రొత్త ఆవిరి పుట్టి తన వంతు ఒత్తిడిని నిలుపుకొనును. తగ్గునది గాలి వంతు మాత్రమే. కావున 15కు బదులు 30 మిల్లీలీటర్లు, అనగా ఒకటిన్నర కిలోమీటరు. దీనికి కార్బొరేటరు గిన్నెలో నిలువయున్నది కలుపుడు. నా రెండు మైళ్లకు లెక్క కుదిరినది. ట్యాంకు సగమైనప్పుడు గాలికి అయిదారు లీటర్ల చోటు. కావున అయిదారు రెట్లు దూరము. నా ఏడెనిమిది కిలోమీటర్లకును లెక్క కుదిరినది. నిండు ట్యాంకు త్వరగా ఆగుట, సగము ట్యాంకు ఆలస్యముగా ఆగుట అను విపరీతమునకు కల్తీ కారణము కాదు, కొలది గాలియే కారణము. పాపము, ఆ బంకువారు!

ఈ లెక్క నేను చేసినది తరువాత. ముందు జరిగినది వేరు.

ఒకనాటి ఉదయము పరీక్షకు ఇన్విజిలేటరుగా పోవుచు, బస్సు తప్పిపోయి రోడ్డుమీద నిలుచున్న మా పదవ తరగతి విద్యార్థి నొకనిని వెనుక ఎక్కించుకొంటిని. గజపతినగరము దాటి కొంత దూరము పోగానే బండి తన అలవాటు చొప్పున దగ్గి ఆగినది. పరీక్షా కేంద్రము ఇంకను తొమ్మిది కిలోమీటర్లున్నది. గంట కొట్టుటకు అరగంటకు మించి లేదు. ఆ బాలుడు చదువులో వెనుకబడినవాడు. భౌతికశాస్త్రమున నా చేతనే మూడు మారులు తక్కువ మార్కులు తెచ్చుకొన్నవాడు. ఆదివారములు ఒక మెకానిక్కు షెడ్డులో పనిచేయుచుండెనని నే నెరుగుదును. ఆ పని మానుమని రెండు పర్యాయములు మందలించియు నుంటిని. ఆతడు దిగి, బండి చుట్టు ఒకసారి తిరిగి, "మూత తీసి చూసినారా మాస్టారూ?" అని అడిగెను.

"పెట్రోలున్నదిరా, మొన్ననే పోయించితిని," అంటిని.

"పెట్రోలుకి కాదు మాస్టారూ. తాళం ఇయ్యండి."

తాళము త్రిప్పి మూత నెత్తెను. లోపలినుండి "స్స్‌స్" అని పాము బుసకొట్టినట్లు శబ్దము వచ్చినది. బయటి గాలి లోనికి దూరిన చప్పుడది. ఆతడు మూతను బిగింపక వదులుగా ఉంచి, కాకు త్రిప్పి, పది లెక్కించి, "కొట్టండి" అనెను. ఒక్క తన్నుకు బండి అందుకొన్నది.

"దీనికి ఊపిరాడట్లేదు మాస్టారూ," అని వెనుక ఎక్కి కూర్చుండెను. మూతమీద చేయివేసి చిందకుండ పట్టుకొని, మధ్యలో ఎక్కడను ఆగక, గంటకు ఏడు నిమిషములు ముందుగా చేరితిమి. ఆనాటి పరీక్ష సాంఘికశాస్త్రము.

ఇప్పుడు మెకానిక్కు విషయము. ఇగ్నిషను కాయిలు లోపల చుట్టిన తీగ చెడినప్పుడు, చల్లగా నున్నంతసేపు పనిచేసి, ఇంజను వేడికి చెడి, చల్లారిన మీదట మరల పనిచేయును. బయటికి కనుపించు లక్షణము సరిగా ఇదియే: కొన్ని మైళ్లు పోవుట, ఆగుట, పావుగంటకు బాగగుట. కావున ఆతడు కాయిలును అనుమానించుట న్యాయమే. కాని రెండు రోగములకును భేదము గలదు. నిప్పురవ్వ తప్పినప్పుడు ఇంజను దీపము ఆర్పినట్లు తటాలున ఆగును, లేదా డబడబ కొట్టుకొనును. పెట్రోలు అందనప్పుడు మెల్లమెల్లగా బలము తగ్గి, ఆకలిగొన్నవానివలె తూలి, ఆగును. వేగము తగ్గించినచో మరికొంత దూరము ఈడ్చును. బండి ఆగిన ఆ క్షణముననే మూత తీయుట అన్నిటికంటె నిశ్చయమైన పరీక్ష. బుస వినిపించి, బండి వెంటనే నడచినచో దోషము గాలి దారిలోనిదే. చల్లారువరకు కాచియుండి మూత తీసినచో ఈ పరీక్ష వ్యర్థము. ఏలయనగా, ఆ పావుగంటలో మూత వాషరు సందులనుండి కొంచెము కొంచెముగా గాలి లోనికి దూరును. ఇంజను వేడికి ట్యాంకు కాగి ఆవిరియు హెచ్చును. ఒత్తిడి మరల సరియగును. బండి "తనంతట తాను" బాగుపడుటలోని రహస్యమిదియే. నేను ప్రతిదినము చెట్టు నీడను నిలుచుండి, సాక్ష్యమును నా చేతులారా చెరిపివేయుచుంటిని.

బుస వినిపించనిచో, లేక మూత వదులు చేసినను ఆగినచో, అప్పుడు ఇతరములు చూడవలెను. కాకులోపలి జల్లెడ తుప్పుతో నిండియుండవచ్చును. రబ్బరు గొట్టము మడత పడియుండవచ్చును. ఫ్లోటు సూది అంటుకొని యుండవచ్చును. కార్బొరేటరు గిన్నెకును ప్రత్యేకముగా ఒక గాలి బెజ్జము గలదు, అది మూసికొనినను ఇదే చిక్కు. ఇంటివద్ద తీరికగా తేల్చుకొనదలచినవారు ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట, కార్బొరేటరువైపు గొట్టము నూడదీసి, లోహపు పాత్రలో ధార పట్టి చూడవచ్చును. మూత తెరచినప్పుడు ధార నిలుకడగా నుండి, బిగించిన కొంతసేపటికి సన్నగిల్లి చుక్కలైనచో గాలి దారి మూసికొన్నది. తెరచినను సన్నగానే యున్నచో జల్లెడ మూసికొన్నది. కొన్ని బండ్లలో కాకు ఇంజను పీల్పుచేతనే తెరచికొనును. అట్టివానిలో ఇంజను నడువనప్పుడు ధార అసలే రాదు గనుక ఆ బండ్లకు ఈ పరీక్ష పనికిరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంబడి ప్రాకి దూరమున నున్న పొయ్యిని, బీడీని వెదకికొనిపోవును. కావున ఈ పని వంటయింటి వసారాలో చేయరాదు. గొట్టమును నోటితో పీల్చుట, ఊదుట బొత్తిగా కూడదు.

గాలి దారి ఏల మూసికొనును? నా బండి విషయమున కారణము సామాన్యమైనది. ఎఱ్ఱమట్టి దుమ్ము, మూతమీద చిందిన పెట్రోలు విడిచిన జిగురు, రెండును కలిసి గట్టిపడినవి. విజయనగరము జిల్లా లోపలి రోడ్లమీద వేసవిలో తిరుగువారికి ఆ దుమ్ము కొత్త కాదు. గొట్టము నేలవైపు తెరచికొని యుండు బండ్లలో మట్టిగూడు కట్టెడి కందిరీగ ఆ రంధ్రమును తన పిల్లలకు మంచి గది అనుకొనును. నెలల తరబడి నిలిపిన బండికి ఇది తరచుగా తటస్థించును. మూత తాళము పోయి బజారులో దొరకిన మూత కొన్నప్పుడు, దానికి గాలి త్రోవయే లేకపోవచ్చును. పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్క నుంచి పోల్చుకొనవలెను. వానకు తడవకుండునట్లు మూతక్రింద పాలిథీను కాగితము బిగించువారును, ట్యాంకుపై దళసరి రెక్సిను తొడుగు వేసి బెజ్జము మీదనే సంచి కట్టువారును గలరు. వారు తమ బండి గొంతును తామే నొక్కుచున్నారు. ట్యాంకును విప్పి మరల బిగించునప్పుడు గొట్టము ట్యాంకుక్రింద నలిగిపోవుట మరియొక కారణము. మరమ్మతు చేయించిన మరునాడే చిక్కు మొదలైనచో దీనిని మొదట చూడవలెను.

శుభ్రము చేయుట సులభము. మూతను ట్యాంకునుండి తీసి, సబ్బునీటితో కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టి, బాగుగ ఆరనిచ్చి బిగింపవలెను. గాలి రెండవ ప్రక్కనుండి వచ్చుచున్నదా యని అరచేయి పెట్టి చూడవలెను. కొన్ని మూతలలో గాలిని లోనికి రానిచ్చి, పెట్రోలును బయటికి చిందనీయని చిన్న రబ్బరు కవాటము గలదు. తీగ పెట్టి పొడిచినచో అది చినుగును. ఇక మేకుతో మూతకు పెద్ద బెజ్జము కొట్టుట మన ప్రాంతమున నేను చూచిన చికిత్స. బండి నడచును, నిజమే. వానకాలము వచ్చుసరికి నీరు లోనికి దిగును. బండి పడినప్పుడు వేడి ఇంజనుమీద పెట్రోలు కారును. నేనును ఆనాడు మేకు వెదకితిని. వలదన్నవాడు ఆ బాలుడే.

నీటి మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. ట్యాంకు పైభాగముతో సమముగా నుండు మూతల చుట్టు చిన్న పళ్లెమువంటి పల్లము గలదు. వాననీరు అందులో చేరి, ఒక మూలనున్న బెజ్జముగుండా, గొట్టము వెంబడి క్రిందికి పోవలెను. ఈ నీటి దారి వేరు, గాలి దారి వేరు. రెండిటిని కలిపి అనుకొనుట పొరబాటు. నీటి దారి మూసికొన్నప్పుడు పల్లములో నీరు నిలిచి, గాలి దారి వెంబడి ట్యాంకులోనికి దిగును. లోపల ఒత్తిడి తక్కువైనచో నీటిని లోనికి పీల్చుకొనును గూడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసవద్దను తీరము దాటినవి. అట్టి వానలలో ఆరుబయట నిలిచిన బండ్లను వెంటనే తన్ని చూడరాదు. నీరు పెట్రోలుకంటె బరువు గనుక ట్యాంకు అడుగున, కాకువద్దనే చేరును. మొదట గాజు సీసాలోనికి కొంచెము పెట్రోలు వదలి చూచినచో, అడుగున నీరు వేరుపొరగా, ముత్యములవలె కనబడును. నీరు పూర్తిగా పోవువరకు వదలి, కార్బొరేటరు గిన్నెను గూడ ఖాళీచేసిన తరువాతనే నడుపవలెను.

ఘాటు రోడ్డుమీద ఈ దోషము వింతగా ప్రవర్తించును. సాలూరునుండి కోరాపుటు వైపు పోవు మిత్రు లీ సంగతి గమనింపవచ్చును. పైకి ఎక్కినకొలది బయటి వాయుభారము తగ్గును. గాలి దారి మూసికొన్న ట్యాంకులో క్రిందటి గాలి బందీయై యుండును గనుక, ఎక్కునప్పుడు లోపలి ఒత్తిడియే హెచ్చుగా నుండి పెట్రోలును త్రోయును, రోగము దాగియుండును. కొండమీద మూత తీసి పెట్రోలు పోయించి, తలుపు వేసినట్లు మూసి, సుమారు 700 మీటర్లు క్రిందికి దిగినచో, బయటి వాయుభారము నీటి లెక్కన 80 సెంటీమీటర్ల వరకు హెచ్చును. పెట్రోలును త్రోయు బలము 15 సెంటీమీటర్లే గదా! దిగువను తగులు వేడికి ఆవిరి హెచ్చి కొంత సరిదిద్దును గాని, చాలినంత సరిదిద్దదు. కావున ఎక్కునప్పుడు గుఱ్ఱమువలె పోయిన బండి, దిగి చదునునకు వచ్చిన తరువాత మొండికేయును. మలుపులు త్రిప్పిన అలసటయని మనము అనుకొందుము.

ఇంతవరకు చెప్పినది కార్బొరేటరు బండ్లను గూర్చి. 1955నుండి మద్రాసులో తయారైన బుల్లెట్లు, మన పల్లెలలో కల్లు కుండలనుండి ఎరువు బస్తాలవరకు మోసిన పాత టీవీయెస్ 50లు, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలగునవన్నియు ఈ తెగవే. ఇప్పటికిని మన రోడ్లమీద ఈ తెగ బండ్లు తక్కువ కావు. 2020 ఏప్రిల్ 1నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చిన పిమ్మట, కార్బొరేటరునకు బదులు విద్యుత్తు పంపు, ఇంజెక్టరు గల బండ్లే విరివిగా వచ్చుచున్నవి. పంపు పెట్రోలును బలవంతముగా నెట్టును గనుక గాలి దారి మూసికొన్నను బండి అంత త్వరగా ఆగదు. కాని లోపలి ఒత్తిడి తగ్గినకొలది పెట్రోలు పంపు నోటివద్దనే ఆవిరి బుడగలై, పంపు కూయసాగును, వేగము తప్పును. మూత తీయగానే వచ్చు బుస మాత్రము ఇక్కడను అదియే.

ఈ క్రొత్త బండ్లలో గాలి దారి నేరుగా బయటికి తెరచికొనదు. పెట్రోలు ఆవిరి గాలిలో కలిసి చెరుపు చేయకుండునట్లు, ట్యాంకునుండి వచ్చు గొట్టము ప్రత్యేకముగా సిద్ధపరచిన బొగ్గుతో నింపిన డబ్బాలోనికి పోవును. బండి నిలిచియున్నప్పుడు బొగ్గు ఆవిరిని పట్టియుంచును. నడుచునప్పుడు ఇంజను ఆ ఆవిరిని పీల్చి కాల్చును. (ఇట్టి బొగ్గును కొబ్బరి చిప్పలనుండియు చేయుదురు. మన ఉద్దానపువారు చిప్పను పొయ్యిలో పెట్టుటయే యెరుగుదురు.) బండి పడిపోయినప్పుడు పెట్రోలు ఈ త్రోవను కారకుండ మూయు కవాటము గూడ కొన్నింటికి గలదు; అది అంటుకొనిపోయినచో, నిలబెట్టిన బండికిని గాలి అందదు. ఈ గొట్టములను ఊడదీసి బొగ్గు డబ్బాను పారవేయువారిని చూచితిని. డబ్బా చెడినచో మార్పింపవలెను గాని, పారవేయుట కూడదు.

ఈ డబ్బాకు ముఖ్య శత్రువు మన ఆశ. బంకులో మూత అంచువరకు, "ఇంకొంచెము, ఇంకొంచెము" అని పోయించుకొందుము. ఆవిరికై పెట్టిన గొట్టములోనికి ద్రవమే దిగి బొగ్గును తడిపివేయును. అప్పుడు బండి ఎండలో నిలిపిన తరువాత అందుకొనదు. పెట్రోలు వాసన కొట్టును. పాత బండ్లకు సైతము నిండుగా పోయించుట మంచిది కాదు. నేలలోపలి తొట్టినుండి వచ్చిన చల్లని పెట్రోలు మన వైశాఖపు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కినచో, 10 లీటర్లకు సుమారు 200 మిల్లీలీటర్లు ఉబ్బును. గాలి దారి బాగుగ నున్నచో ఆ ఉబ్బు దానివెంట బయటికి కారును. మూసికొనియున్నచో లోపల ఒత్తిడి పెరుగును. అట్టి ట్యాంకు మూతను ఎండలో ఒక్కమారుగా తీసినచో పెట్రోలు ముఖముమీదికి చిమ్మును. కావున ఎండలో నిలిచిన బండి మూతను గుడ్డ కప్పి, మెల్లగా, కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. మూతక్రింది లోహపు మెడ అడుగు అంచువరకు పోయించి చాలుననవలెను; ఆ పై చోటు గాలికి, ఆవిరికి విడువబడినది.

బుస రెండు విధములు గనుక చెవి పెట్టి వినుడు. నడిచి ఆగిన బండి మూత తీసినప్పుడు గాలి లోనికి పోవును. వ్రేలు దగ్గర పెట్టినచో చర్మమును లోనికి లాగినట్లుండును. ఎండలో నిలిచిన బండి మూత తీసినప్పుడు ఆవిరి బయటికి వచ్చును. వాసనయు, చల్లదనమును వ్రేలికి తగులును. రెండిటికిని కారణము ఒకటే మూసికొన్న బెజ్జము.

మా ప్రయోగశాలలో ఇప్పుడొక గాజుసీసా గలదు. దాని బిరడాకు రెండు గొట్టములు. ఒకటి సీసా అడుగునుండి వంగి బయటికి దిగునది, రెండవది పొట్టిది, గాలికి. లోపల రంగునీరు. పొడవైన గొట్టమును ఒకమారు నీటితో నింపి, దాని చివరను సీసాలోని మట్టముకంటె క్రిందికి దించి విడిచినచో ధార సాగును. పొట్టి గొట్టముమీద వ్రేలు పెట్టినచో, ధార కొంతసేపు సాగి, సన్నగిల్లి, ఆగును. ఎంతసేపు సాగునో గడియారముతో కొలువవలెను. సీసా నిండుగా నున్నప్పుడొకసారి, సగమున్నప్పుడొకసారి కొలిచి, రెండు కాలములను పోల్చవలెను. ఆ సీసాకు బిరడాలు తొలిచి, గొట్టములు బిగించి యిచ్చినవాడు ఆ బాలుడే. ఆ యేడు భౌతికశాస్త్రమున నలువదిమూడు మార్కులు వచ్చినవి. ఇప్పుడు పాలిటెక్నికులో రెండవ సంవత్సరము చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు నా బండి మూత తీసి చూడక పోడు.